నీటి ఈగల గది

ఆగస్టు 4, 2025, సోమవారం

ఎనిమిది చచ్చాయి. మందు కలిపిన బీకర్లలోవి చస్తే నాకు బాధ లేదు, అవి చస్తాయో బతుకుతాయో చూడటమే నా ఉద్యోగం. చచ్చినవి మందు కలపనివి. ఉత్త మంచినీళ్ళలో నా చేత్తో నేను వదిలిన ఇరవై డాఫ్నియా పిల్లల్లో, అదే నీటి ఈగల్లో, ఎనిమిది, రెండు రోజులు తిరక్కుండా అడుగున పడి ఉన్నాయి.

రెండు పోయేదాకా ఒప్పుకుంటారు. మూడోది పోయిందంటే మొత్తం పరీక్ష చెత్తబుట్టలోకే. మంచినీళ్ళలోనే బతకలేని నీటి ఈగలు మందు వల్ల చచ్చాయంటే ఎవడు నమ్ముతాడు? నేనైతే నమ్మను.

మందు పరవాడ వైపు కంపెనీ వాళ్ళది. కూలింగ్ టవర్లలో పాచి పట్టకుండా నీళ్ళలో వేస్తారట. లీటరుకి ఒక్క మిల్లీగ్రాము వేస్తే పాచి ఒక్కటే చస్తుంది, ఇంక దేనికీ ఏమీ కాదని వాళ్ళ మాట. డబ్బా మీద ‘జలచరాలకు హాని లేనిది’ అని వేసుకోవడానికి మా ల్యాబు కాగితం కావాలి. టవరు నీళ్ళు పోయేది పక్కనున్న గెడ్డలోకి, ఆ వాగు పోయేది సముద్రంలోకి. ఆ ఒక్క మిల్లీగ్రాములోనే నా నీటి ఈగలు ఇరవైకి ఇరవై పోయాయి. ఆ మందు చంపుతుందని నాకు తెలిసిపోయింది. కానీ మంచినీళ్ళలో ఎనిమిది చచ్చాక నాకు తెలిసినదాన్ని పట్టించుకునేదెవరు?

“చేతి తప్పేమో ఒకసారి చూసుకోమ్మా ఇంద్రజా” అన్నారు మా ఓనరు భీమశంకరరావు గారు. చేతి తప్పట! పదకొండేళ్ళుగా ఆవగింజలో సగముండే పిల్లల్ని డ్రాపర్‌తో ఒక్కొక్కటే ఎత్తి వదులుతున్న చేతులివి. ఒళ్ళు మండిపోయింది.

నా చేతిలో తప్పు లేదు. రాసి పెట్టుకుంటున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

నీళ్ళే. కచ్చితంగా నీళ్ళే. జూన్‌లో బోరు మార్చారు కదా.

ఆగస్టు 7, గురువారం

నీళ్ళు కావు. అన్ని పరీక్షలూ చేయించాను, క్లోరిన్ చుక్క కూడా లేదు. సరే.

ఇవాళ రెండోసారి మొదలుపెట్టాను. గదిలో చల్లదనం, వెలుతురు, అన్నీ అచ్చంగా ఉండాల్సినట్టే ఉన్నాయి. ఈ ఊళ్ళో నా గదంత శుభ్రమైన గది ఇంకోటి చూపించమనండి. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆటోనగర్ అంతా దోమలే, పక్క వర్క్‌షాపులో ఇద్దరికి డెంగీ. నా గదిలో మాత్రం దోమ అన్నది లేదు. మూలన పలక మీద సింహాద్రి అప్పన్న పటం ఉంది. అగరొత్తి వెలిగించనిదే నేను డ్రాపర్ ముట్టను. కిందటి నెల గాజువాక జంక్షన్‌లో కొత్తవి దొరికాయి, దోమల అగరొత్తులు, సాంబ్రాణి వాసన. ఒక్క పుల్లతో దేవుడికి ధూపమూ అవుతుంది, దోమలూ పోతాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మామూలుగా ఒకటి వెలిగిస్తాను. ఇవాళ మూడు వెలిగించాను. ఇరవైకి ఇరవై బతికించు తండ్రీ.

ఆగస్టు 9, శనివారం

పదకొండు.

ఇంక మిగిలింది గాజు సామాను. కడిగేది ఆదిలక్ష్మమ్మ. బీకర్లకి సబ్బు మిగిలిందేమో. వెళ్ళి అడిగాను.

“ఏడుసార్లు కడిగినానమ్మా, నువ్వు సెప్పినట్టే. ఆకర్న ఆ సీసా నీళ్ళతో కూడా తొలిపినాను.”

“మరెందుకు చచ్చాయి?”

“నాకేటి తెలుసమ్మా? సదువుకున్నదానివి నువ్వు.”

నాకది వెటకారంలా వినిపించింది. అరిచాను. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యమన్నాను, నా గదిలో అడుగు పెట్టొద్దన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. హాల్లో అందరూ విన్నారు. జాలరిపేట నుంచి రెండు బస్సులు మారి వస్తుంది, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని “సరే అమ్మా” అని సింకు దగ్గరకి పోయింది.

మంచి పనే చేశాను. ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి.

ఆగస్టు 12, మంగళవారం

మూడోసారి. ఇరవై నాలుగు బీకర్లూ నేనే కడిగాను, పదేసిసార్లు. చేతులు పాచిపోయాయి. అగరొత్తులు ఐదు.

ఆగస్టు 14, గురువారం

పద్నాలుగు.

పద్నాలుగు.

కంపెనీ క్వాలిటీ మేనేజరు దేవీప్రసాద్ ఫోను చేశాడు. ఎలా తెలిసిందో అప్పుడే తెలిసిపోయింది. “ఏటండీ ఇంద్రజ గారూ, మీ కాడ మంచినీళ్ళలోనే సచ్చిపోతన్నాయంట కదా? ఇంక మా మందునేటంటారండీ పాపం!” అని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

సాయంత్రం భీమశంకరరావు గారు కూర్చోబెట్టి చెప్పారు. సెప్టెంబరు నెలాఖరు వరకే గడువు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మంచినీళ్ళలోవి బతికిన పరీక్ష చూపించాలి. లేకపోతే మందు హైదరాబాదు ల్యాబుకి వెళ్ళిపోతుంది, నా గదికి తాళం పడుతుంది, నన్ను నీళ్ళ బాటిళ్ళకి స్టిక్కర్లు అంటించే బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. శివరామకృష్ణ స్టీల్‌ప్లాంటు మనిషి, మాటలు కొలిచి వాడతాడు. “బీకర్లు ఈసారి నువ్వే కడిగావు, ఇంకా ఎక్కువే చచ్చాయి. అంటే ఆవిడ తప్పు లేదన్నమాట. రేపు ఎవరి మీద అరుస్తావు?” అన్నాడు.

అన్నం ముందు నుంచి లేచిపోయాను.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. పడుకున్నాను.

ఆగస్టు 18, సోమవారం

నా చేతిలో తప్పు లేదు.

ఆగస్టు 21, గురువారం

పిల్లల్ని పెట్టే తల్లి ఈగల జాడీలు కూడా పోయాయి. ఆరు జాడీల్లో ఒక్క ఈగా కదలడం లేదు. యూనివర్సిటీలో తెలిసినవాళ్ళని అడిగాను, వాళ్ళ దగ్గరా లేవట. పరీక్ష చేద్దామన్నా ఇంక పిల్లలే లేవు. రోజూ పొద్దున్నే అగరొత్తి వెలిగించి ఏం చేయాలో తెలియక ఖాళీ బీకర్ల ముందు కూర్చుంటున్నాను.

ఆదిలక్ష్మమ్మ ఎదురుపడితే తలొంచుకుని పోతోంది. నేనూ అంతే.

ఆగస్టు 28, గురువారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి, లేకపోతే రేపు నాకే అబద్ధంలా ఉంటుంది.

నిన్న వినాయక చవితి సెలవు. ఇవాళ ఖాళీ జాడీలు కడిగి అటకెక్కించేద్దామని సింకు దగ్గరకి తీసుకెళ్ళాను. ఆదిలక్ష్మమ్మ పక్కకి జరిగింది. కిటికీ గట్టు మీద ఒక పచ్చళ్ళ సీసా ఉంది, లోపల నీళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనంలో ఏవో చుక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ ఎగురుడు నాకు తెలుసు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను.

“ఇదేంటి?” అన్నాను.

“నీ పురుగులేనమ్మా.” తిడతానని భయపడింది పాపం. “జులైలో ముసలివైపోనాయి, పారబొయ్యమన్నావు సూడు, అయ్యి. పారబొయ్యడానికి సేతులు రాలేదు. నీ నీళ్ళే పోసి ఇక్కడెట్టినాను. ఎండకి పచ్చబడిపోనాది, అదే తింటన్నాయి గావాల. పిల్లలు కూడా పెట్టేసినాయి.”

“సీసా ఎవరు కడిగారు?”

“నాను కాక ఎవులు కడుగుతారు?”

అదే సబ్బు. అదే చెయ్యి. అవే నీళ్ళు. ఇక్కడ నెలన్నర నుంచి పిల్లాపాపలతో ఉన్నాయి, పది అడుగుల అవతల నా గదిలో చచ్చాయి. అంటే తప్పు గదిలో ఉంది.

ఆదిలక్ష్మమ్మని చెయ్యి పట్టుకుని నా గదికి లాక్కెళ్ళాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది, లోపలికి రావద్దన్నాను కదా. అక్కడి నుంచే ముక్కు ఎగబీల్చింది.

“ఏటమ్మా ఈ కంపు? గదిలో దోమొకటీ లేదు, బల్లి కూడా పారిపోనాది. మా సింకు కాడ దోమలు పీక్కు తింటన్నాయి, నీ పురుగులు బతికున్నాయి. ఇక్కడ దోమలూ లేవు, నీ పురుగులూ లేవు. దోమల్ని సంపింది వీటిని ఒగ్గేత్తాదేటి?”

అప్పన్న పటం కింద చూశాను. బూడిద కుప్ప. డబ్బా తీసి వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చదివాను. దోమల మందు. ఏ పురుగులకైతే పనికొస్తుందో, వాటికి నీటి ఈగలు దగ్గర చుట్టాలు. కాలేజీ మొదటి సంవత్సరం పాఠం. స్టూడెంట్లకి నేనే చెప్పగలను.

ఒక పుల్ల వెలిగించినప్పుడు ఎనిమిది. మూడు వెలిగించినప్పుడు పదకొండు. ఐదు వెలిగించినప్పుడు పద్నాలుగు. నాకు భక్తి పెరిగినకొద్దీ అవి చచ్చాయి. బతికించమని దేవుడికి మొక్కుతూ నా చేత్తో నేనే చంపాను.

“ఏడుత్తన్నావా నవ్వుతన్నావా?” అంది ఆదిలక్ష్మమ్మ. రెండూనని చెప్పాను.

వెంటనే ఆ సీసాలోంచి నలభై పిల్లల్ని తీశాను. ఇరవై నా గదిలో పెట్టి ఒక పుల్ల వెలిగించాను. ఇరవై హాల్లో, పొగ తగలకుండా పెట్టాను. ఊహ చాలదు నాకు. లెక్క కావాలి.

ఆగస్టు 30, శనివారం

గదిలో తొమ్మిది చచ్చాయి. హాల్లో ఒక్కటంటే ఒక్కటి చావలేదు!

దొరికింది! దొరికిందోచ్! మెట్ల మీద నుంచి కిందికి పరిగెత్తి, ఎందుకు పరిగెత్తానో తెలియక మళ్ళీ పైకి వచ్చాను.

సెప్టెంబరు 1, సోమవారం

అరిచింది అందరి ముందూ కాబట్టి, టీ టైములో అందరూ ఉండగానే చెప్పాను. “ఆదిలక్ష్మమ్మ కడిగినదాంట్లో ఏ తప్పూ లేదు. తప్పు నాది. ఊరికే ఆమె మీద అరిచాను.” చెప్పేటప్పుడు చెవులు వేడెక్కిపోయాయి. చెప్పాక ఒళ్ళు తేలికైంది.

“పోనీలెద్దూ, టీ సల్లారిపోతంది” అంది ఆవిడ. కానీ మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం వేయించిన నెత్తళ్ళ చేపలు నా డబ్బాలో వేసింది. నేను శాకాహారినని పద్నాలుగుసార్లు చెప్పాను. ఇవాళ ఏమీ అనకుండా మా ఆయనకి తీసుకెళ్ళాను.

భీమశంకరరావు గారు అంతా విని తల పట్టుకున్నారు. “ఇది కాగితం మీద పెట్టకమ్మా. పరువు పోతుంది. ఏసీ చెడిందని రాసేద్దాం.”

“ఏసీ చెడలేదు కదండీ.”

“నీ పేరే పోతుంది ఇంద్రజా.”

“పోనివ్వండి. మూడు పరీక్షలు ఎందుకు పాడయ్యాయో, ఎలా కనిపెట్టామో, ఎన్ని చచ్చాయో అంతా నాలుగో పేజీలో రాస్తాను. కింద సంతకం పెడతాను.”

ఆయన చివరికి స్టోరు రూము తాళం చేతులు నా ముందుకి తోశారు. “పాత గది వద్దు. ఇది ఖాళీ చేయించుకో” అన్నారు.

కొత్త గదికి కొత్త రూలు: సెంటు, పౌడరు, మల్లెపూలు, అగరొత్తులు అన్నీ బయటే. అప్పన్న పటం రిసెప్షన్‌లో పెట్టాం. అక్కడ ఇంకా దర్జాగా ఉంది.

సెప్టెంబరు 10, బుధవారం

ఆ పచ్చళ్ళ సీసాలోవాటితో మొదలుపెట్టిన కొత్త జాడీల్లో పిల్లలే పిల్లలు! పొద్దున్నే ఆదిలక్ష్మమ్మ నాకన్నా ముందు వచ్చి చూస్తోంది. “ఇయ్యాల పెద్దదాని కడుపు నిండుగుందమ్మా” అని రిపోర్టు ఇస్తోంది.

సెప్టెంబరు 16, మంగళవారం

అసలు పరీక్షకి ముందు, ఈ పిల్లలు గట్టివా నీరసమైనవా అని తెలిసిన విషంతో చూడాలి. పొటాషియం డైక్రోమేట్‌తో చూశాను. ఏ మోతాదు దగ్గర సగం చావాలో సరిగ్గా అక్కడే సగం చచ్చాయి. మంచినీళ్ళలో ఇరవైకి ఇరవై ఈదుతున్నాయి.

ఇప్పుడు రమ్మను దేవీప్రసాద్‌ని.

సెప్టెంబరు 23, మంగళవారం

పెట్టేశాను. నాలుగు బీకర్లు మంచినీళ్ళు. మందు ఐదు రకాల మోతాదుల్లో, ఒక్కో మోతాదుకి నాలుగు బీకర్లు. అన్నిటికన్నా పైది వాళ్ళు హాని లేదన్న ఒక్క మిల్లీగ్రాము, అక్కడి నుంచి కిందికి సగం సగం తగ్గించుకుంటూ. బీకరుకి ఐదు పిల్లలు, మొత్తం నూట ఇరవై. మొదలుపెట్టే ముందు ఉత్త చేతులే జోడించాను.

లెక్క మాత్రం నేను పెట్టనని భీమశంకరరావు గారితో చెప్పాను. ఎల్లుండి దేవీప్రసాద్ వచ్చి తన నోటితో తనే లెక్కపెట్టాలి.

సెప్టెంబరు 24, బుధవారం

గది తలుపు ముందు నుంచి పదిసార్లు వెళ్ళాను. తెరవలేదు. మా ఆయన “నిద్రపో” అన్నాడు.

సెప్టెంబరు 25, గురువారం

సరిగ్గా పది గంటలకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో కంపెనీ కార్డు, చేతిలో ఫైలు. గదిలోకి వచ్చే ముందే హాల్లో నిలబడి, అందరూ వినేలా మొదలుపెట్టాడు.

“లెక్క తరవాత సూద్దారి గానండీ, ముందొక మాట. మీ టీకొట్టు కాడ విన్నాను. మేడమ్ గారు గదిలో దోమల అగరొత్తులు కాల్చీసి, ఈగల్ని సంపీసి, అది మా మందు మీద పెట్టేత్తన్నారంట. ఇదేటి పద్ధతండీ రావు గారూ? నాను ఈ సంగతి మీ ల్యాబుకి అనుమతులిచ్చే పైవాళ్ళకి రాసి పంపించేత్తాను.”

అందరూ నా వైపు చూశారు. భీమశంకరరావు గారి మొహం పాలిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఎంత కష్టపడి మోసుకొచ్చాడో ఆ మాట!

“నాలుగో పేజీ చూడండి దేవీప్రసాద్ గారూ” అని మా రిపోర్టు తెరిచి చేతికిచ్చాను. “పుల్లలెన్నో, చచ్చినవెన్నో, ఏ రోజో అన్నీ ఉన్నాయి. పొగ ఉన్న గది, పొగ లేని హాలు, రెండింటి లెక్కా ఉంది. కింద సంతకం నాదే. పంపేటప్పుడు ఈ పేజీ జత చెయ్యండి, మీకు రాసుకునే శ్రమ తప్పుతుంది.”

చదివాడు. మళ్ళీ చదివాడు. భీమశంకరరావు గారు కుర్చీలో నిటారుగా కూర్చుని, “మా దగ్గర ఏదీ దాచమండీ” అన్నారు, ఆ పేజీ రాయమన్నది తానే అన్నట్టు. అననీ పాపం.

గదిలోకి తీసుకెళ్ళాను. సెంటు వేసుకొచ్చాడని బయట చేతులు కడిగించి, చొక్కా మీద మా తెల్లకోటు తొడిగించాను. ఎలా లెక్కపెట్టాలో చెప్పాను: బీకరు మెల్లగా తిప్పాలి, పదిహేను సెకన్లు ఆగాలి, అప్పటికీ ఈదనిదాన్ని పోయినట్టే రాయాలి. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆదిలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నాను. వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

మొదట మంచినీళ్ళు.

“ఐదు” అన్నాడు. “ఐదు. ఐదు.” నాలుగోది ఎత్తి కళ్ళు చికిలించి చూశాడు. ఒక్కటి, ఒక్కటి చచ్చినా చాలని వెతుకుతున్నాడు. “ఐదు.”

ఇరవైకి ఇరవై! వెనక నుంచి ఆదిలక్ష్మమ్మ నా భుజం నొక్కింది. నేను పెన్ను గట్టిగా పట్టుకున్నాను, లేకపోతే కేక పెట్టేదాన్ని.

తరవాత మందు. అన్నిటికన్నా తక్కువదాంట్లో పంతొమ్మిది ఈదుతున్నాయి. దాని పైదాంట్లో పద్నాలుగు. ఆ పైన ఎనిమిది. ఆ పైన రెండు. మెట్లు దిగినట్టు దిగింది లెక్క. అతని గొంతు కూడా దానితో పాటే దిగుతోంది.

చివరి నాలుగు బీకర్లు, హాని లేదన్న ఒక్క మిల్లీగ్రామువి. మొదటిది తిప్పాడు. పదిహేను సెకన్లు ఆగాడు. ఇంకో పదిహేను ఆగాడు. మళ్ళీ తిప్పాడు. కావలసినంతసేపు తిప్పుకోనిచ్చాను. ఐదూ అడుగున గుండ్రంగా తిరిగి, నీళ్ళు ఆగగానే ఆగిపోయాయి. “సున్నా” అన్నాడు. రెండోది సున్నా. మూడోది సున్నా.

నాలుగోది తిప్పి చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీద చెమట, గదిలో ఇరవై డిగ్రీల ఏసీ. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

“వినపడలేదండీ” అన్నాను.

“సున్నా” అన్నాడు, కాస్త గట్టిగా.

“నాకినపడిందమ్మా, రాసేసుకో” అంది ఆదిలక్ష్మమ్మ.

రాశాను. సున్నా ఇంత అందంగా ఎప్పుడూ రాయలేదు. పక్కన సంతకం పెట్టమని పెన్ను అతని చేతికిచ్చాను. పెట్టాడు.